ఊపిరి గడి

వాన పట్టిన తొమ్మిదో రోజు. కొలతరాయి మీద నీళ్లు: ఎనిమిదిన్నర గీతలు.

గట్టు పుస్తకంలో రోజూ మూడు సంగతులు రాయాలి. దరువు వేగం ఎంత, వంతు ఎన్ని గంటలు నడిచింది, నీళ్లు ఎన్ని గీతల దగ్గరున్నాయి. ఇవాళ కూడా రాశాను. వేగం అరవై అని రాశాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అందుకే ఈ రెండో పుస్తకం మొదలుపెట్టాను. దీన్ని ఎవరూ చూడరు కాబట్టి ఇందులో నన్ను నేను తిట్టుకోవచ్చు.

నా పేరు గౌరీసు. ఆరో గట్టుకి దరువు కట్టేది నేనే. గట్టుకి అవతల సముద్రం మా ఇంటికప్పుల ఎత్తున ఉంటుంది, ఇవతల మేముంటాం. ఊరిన నీళ్లు, కురిసిన నీళ్లు తొక్కి అవతల పొయ్యాలి. పన్నెండు ఏతాలు, ఏతానికి ఎనిమిదిమంది. ఎండ పలకల కరెంటు ఉప్పు తీసే యంత్రానికే చాలదు. మిగిలిన గుక్కెడు నా పెట్టెకిస్తారు.

పెట్టె అంటే తెర పగిలిన పాత కంప్యూటరు, అందులో ఒక డ్రమ్ సాఫ్ట్‌వేరు. తెర మీద పదహారేసి గడులున్న వరసలు. పై వరస దిమ్మ, దాని కింద చరుపు, ఆ కింద తాళం. ఏ గడి మీద వేలు పెడితే ఆ గడిలో మోత పుడుతుంది. ఒక వెలుగు గడిగడీ దాటుకుంటూ చివరిదాకా పోయి మళ్లీ మొదటికొస్తుంది. గడికో సెకను, గడికో అడుగు. మొదటి గడిలో దిమ్మ. దానికి కుడికాలు బరువుగా పడాలి, అప్పుడే ఏతం దిగి నీళ్లు లేస్తాయి. తర్వాత ఎడమ, కుడి, ఎడమ, తేలిగ్గా. పదహారోది ఖాళీ. అందులో మోత లేదు, అడుగు లేదు. తొంభై ఆరుమందీ ఒక్క సెకను నిలబడి గాలి పీల్చుకుంటారు. దాని పేరు ఊపిరి గడి.

నాకు లెక్క నేర్పింది పారమ్మ అత్త. రక్తసంబంధం లేదు, అయినా అత్తే. మొదటి ఏతంలో మొదటి మనిషి ఆమె. నాకీ పెట్టె అప్పగించిన రోజు ఒకటే మాట చెప్పింది.

"గడుల్తోటి నువ్వేటైనా ఆడుకో. ఆ సివర్దాని జోలికెల్లకు. అది నీది కాదురా, జనానిది."

ఇవాళ దాని జోలికి వెళ్లాను. ప్రతి గడికీ నిడివి మార్చే చిన్న మీట ఒకటుంటుంది. పదహారో గడి మీటని వంద నుంచి తొంభై ఐదుకి తిప్పాను. పైన కనిపించే వేగం అరవై దగ్గరే ఉంది.

ఎందుకు తిప్పానంటే నా నోటి దూల వల్ల. అయిదు రోజుల కిందట గట్టుపెద్ద తవిటినాయుడు సభ పెట్టి, నీళ్లు పది గీతలు దాటితే పల్లపు వీధి ఇళ్లలోకి వస్తాయి, వేగం అరవై నాలుగు చేద్దామన్నాడు. వేగం మార్చాలంటే తొక్కేవాళ్లు కాలెత్తి ఒప్పుకోవాలి. ఒక్కరూ కాలెత్తలేదు. పారమ్మ అత్త లేచి, "ఇంకొక్కటి పెంచినా మోకాల్లు ఒగ్గెయ్యాల్సిందే. కావాలంటే ఇంకో గంట తొక్కుతాం, ఏగం మాత్రం పెంచం" అంది. అక్కడితో అయిపోయేది. నేను లేచి, వేగం పెంచక్కర్లేదు, గంటా పెంచక్కర్లేదు, దరువు బాగుంటే కాలే తేలికవుతుంది, నాకు నాలుగు రోజులివ్వండి, నీళ్లు దించి చూపిస్తాను అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకెంత నచ్చాయో రాయాలంటేనే ఒళ్లు చచ్చిపోతోంది.

పదకొండో రోజు. ఎనిమిదిన్నర.

సభలో గడువడిగిన ఆ నాలుగు రోజులూ నేను ఊరికే కూర్చోలేదు. ఆ మాట నా తరఫున ఒకటి చెప్పుకోవాలి. దిమ్మని మొదట్నుంచీ మళ్లీ కట్టాను. ఒట్టి నున్నటి స్వరాన్ని తీసుకుని, పైనుంచి కిందికి టక్కున జారిస్తే దిమ్మ పుడుతుంది. జారుడు నిదానమైతే డొల్లగా ఉంటుంది, మరీ తొందరైతే తలుపు మీద వేలితో కొట్టినట్టుంటుంది. రెండింటికీ మధ్య ఒకచోట అది చెవికి కాదు, అరికాలికి తగులుతుంది. ఆ చోటు పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. చరుపుకి ఒట్టి గాలిమోత, చేటలో ఇసుక జల్లినట్టు. అదే గాలిమోతలో బరువంతా తీసేసి పైపొర ఉంచితే తాళం. ఇంత బాగా నేనెప్పుడూ కట్టలేదు. వంతు ఎక్కినవాళ్లు ఈల కూడా వేశారు.

ఏం లాభం? నీళ్లకి చెవుల్లేవు. గీత కదల్లేదు. తొంభై ఆరుమంది అడుగులు ఎన్ని పడితే అన్ని నీళ్లే లేస్తాయని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియదా? తెలుసు. తెలిసే సభలో వాగాను. ఇవాళ మీట తొంభై.

పదిహేనో రోజు. ఎనిమిది.

దిగింది. మీట డెబ్బై.

తవిటినాయుడు పెట్టె గదికి వచ్చి వేగం చూశాడు. అరవై. కొలతరాయి చూసొచ్చాడు. నా భుజం మీద గట్టిగా ఒకటి చరిచాడు.

"ఒరే గౌరీసూ, నీ సేతిలో ఏదో ఉన్నాదిరా! ఏగం పెంచకుండా నీల్లు దించీసినావు. నాను నమ్మనేదు, తప్పయిపోనాది."

"నాదేటుంది బావూ, అంతా జనం కాల్లే" అన్నాను.

ఆ మాట అక్షరాలా నిజం. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. సాయంత్రం దారిలో ఎదురైనవాళ్లంతా దరువు గురించే మాట్లాడారు. ఎవరింటికెళ్లినా గంజి ముందు నాకే పోశారు. తాగాను. గొంతు దిగలేదని రాద్దామనుకున్నాను గానీ అది కూడా అబద్ధమే. హాయిగా దిగింది.

పందొమ్మిదో రోజు. ఏడున్నర.

మీట నలభై. ఇప్పుడు ఊపిరి గడిలో ఎడమకాలు ఆనించి తీసేంత సందే ఉంది. సందు తెలిసిపోకుండా పదిహేనో గడి తాళాన్ని పొడుగ్గా సాగదీశాను. దాని మోత ఖాళీ మీదుగా పాకి దిమ్మలో కలిసిపోతుంది. మనిషి కాలు ఎంత పిచ్చిదో! రోజుకింత చొప్పున దోచుకుంటే కనిపెట్టలేదు.

వంతు దిగాక చిన్నమ్మడు వచ్చింది. మొదటి ఏతంలో పారమ్మ అత్త పక్కన తొక్కుతుంది. నేనంటే దానికి ఎప్పుడూ వెటకారమే.

"గౌరీసు బావా, నీ దరువు సేనా బాగుంది గానీ, పేనం తీసేస్తందయ్యా. మద్దిలో గాలి అందట్నేదు."

"వానాకాలం ఉక్క మరి" అన్నాను.

"ఉక్కేనంటావా?"

"మరేటనుకున్నావు?"

అలా గద్దించాల్సిన అవసరం లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాను. అది చెమట తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఇరవై రెండో రోజు. ఏడు.

మీట సున్నా. నాలుగు గంటల వంతులో తొమ్మిది వందల ఊపిర్లు. లెక్క వేసి చూసుకుని పుస్తకం మూసేశాను.

ఇరవై మూడో రోజు. ఏడు.

మధ్యాహ్నం పారమ్మ అత్త పెట్టె గదికి వచ్చింది. ఎడమ మోకాలికి ఆముదం రాసి గుడ్డ కట్టుకుంది. ఆ మోకాలు పదేళ్ల నుంచీ పాడే. దిమ్మ ఎప్పుడూ కుడికాలికే పడుతుంది కాబట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

"ఒరే గౌరీసూ, నీ పెట్టెకేదో అయ్యిందిరా. దిమ్మ నా ఎడంకాలికొస్తంది."

ఇది నేను ఆలోచించలేదు. మీట సున్నాకి తేవడంలోనే ఉంది తప్పంతా. పదిహేను అడుగులు కుడితో మొదలై కుడితోనే అయిపోతాయి. మధ్యలో ఆగితే మళ్లీ కుడి. ఆగకపోతే తర్వాతి కాలు ఎడమే. అంటే ఒక తిప్పు కుడికి, ఒక తిప్పు ఎడమకి బరువు. బాగున్న మోకాళ్లకి తేడా తెలియదు. ఈమెకి తెలుస్తుంది.

"అదెల్లగొస్తాదత్తా?" అన్నాను.

"ఒకపాలి కుడికి, ఒకపాలి ఎడానికి. ఇదిగో, సూడు."

తొక్కేటప్పుడు ఆమె ఎడమచేత్తో ఏతం కర్ర పట్టుకుని కుడిచేతి మీద లెక్కపెడుతుంది. బొటనవేలితో ఒక్కో వేలికీ మూడు కణుపులు, ఒక కొస. నాలుగు వేళ్లకి పదహారు. చిటికెనవేలి కొస మీదికి బొటనవేలు వచ్చినప్పుడు ఊపిరి. పెట్టె వచ్చాక మిగతావాళ్లంతా లెక్క మానేశారు, మోత వినిపిస్తే చాలు, కాలు వేస్తారు. ఈమె ఒక్కతే మానలేదు.

"సిటికినేలు కొస మిగిలిపోతందిరా. పదేను కాడే దిమ్మ పడిపోతంది."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. మహా అయితే రెండు దెబ్బలు వేసేది, నాలుగు తిట్లు తిట్టేది, మీట నేనే తిప్పేసేవాణ్ణి. అయిపోయేది.

"మద్దిలో ఏలు దాటేస్తన్నావేమో అత్తా" అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. తన చేతిని తిప్పి చూసుకుంది.

"దాటేస్తన్నానేటి?" అని నన్నే అడిగింది.

ఇరవై అయిదో రోజు. ఆరున్నర.

జరిగింది జరిగినట్టు రాస్తాను, నాకు అనుకూలంగా ఒక్క ముక్క కూడా కలపను.

పారమ్మ అత్తే పరీక్ష అడిగింది. దరువు మీద అనుమానం ఉన్నవాళ్లు పెట్టెని సభ అరుగు మీదికి తెప్పించుకోవచ్చు, ఇది మా గట్టు ఆచారం. వంతు మారే వేళ రెండు వంతుల జనం ముందు తెర పెట్టారు. నేను దరువు నడిపాను. ఆమె చెయ్యి పైకెత్తి అందరికీ కనిపించేలా, పైకి అంటూ లెక్కపెట్టింది. పదమూడు, పద్నాలుగు, పదేను, దిమ్మ. మళ్లీ మొదలుపెట్టింది. పదేను, దిమ్మ. మూడోసారి కూడా పదేను దగ్గరే దిమ్మ పడింది.

జనం ఆమె చేతిని చూడలేదు. తెరని చూశారు. తెర మీద పదహారు గడులున్నాయి. వెలుగు పదహారో గడి మీద తళుక్కుమని దాటుతోంది. అది ఆగడం లేదన్న సంగతి, దాని కోసమే చూసేవాడికి తప్ప కనిపించదు. వెనక ఎవడో "నాకూ పదేనే వస్తందిరో" అన్నాడు. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. వాడూ నవ్వేశాడు.

తవిటినాయుడు నా వైపు తిరిగాడు. "గౌరీసూ, పెట్టెలో గడులెన్ని?"

"పదహారే బావూ."

"ఊపిరి గడి ఉన్నాదా?"

"ఉన్నాది. అదిగో, కనిపిస్తందిగా."

రెండూ నిజాలే. నిజంతో ఇంత పెద్ద అబద్ధం ఆడొచ్చని నాకు ఆ క్షణం దాకా తెలియదు. పారమ్మ అత్త నా ముఖం వైపు చూసింది. నేను తెర వైపు చూశాను.

లెక్క తప్పినవాళ్లు ఏతం ఎక్కకూడదు. ఒక్క అడుగు తప్పితే కర్ర ఎగిరి పక్కవాళ్ల కాళ్లు విరుగుతాయి, అందుకని ఆ రూలు. ఆ రూలు పెట్టించింది ఆమే. ఎవరూ దిగమని చెప్పకముందే అరుగు దిగి, ఏతం కర్రకి చుట్టి పట్టుకునే తన గుడ్డని చిన్నమ్మడి చేతిలో పెట్టి, "మొదటిసోటు నీదేనే అమ్మా, జాగర్త" అంది. చిన్నమ్మడు భోరుమంది. ఏతం ఎక్కని మనిషికి సభలో మాట లేదు. నలభై ఏళ్లు ఈ గట్టుకి లెక్క చెప్పిన మనిషి గుంపు వెనక్కి వెళ్లి నిలబడింది.

నేను తేలు కుట్టిన దొంగలా పెట్టె సర్దుకుని వచ్చేశాను.

ఇరవై ఆరో రోజు. ఆరున్నర.

రాయడానికి ముఖం చెల్లడం లేదు.

ఇరవై తొమ్మిదో రోజు. ఆరు.

ఆమెని తాళ్లు పేనే పాకలో పెట్టారు. అటువైపు వెళ్లకూడదనుకుని చుట్టూ తిరిగి పోతున్నాను. అయినా కబుర్లు వస్తూనే ఉన్నాయి. గంజిలో ఉప్పు వేశానో లేదో అని పక్కింటివాళ్లని రుచి చూడమంటోందట. పొయ్యి ఆర్పి, మళ్లీ వెనక్కెళ్లి చూసుకుంటోందట. కొంగుముడిలో పదహారు గులకరాళ్లు పెట్టుకుని తాడు పేనుతూ అవే లెక్కపెడుతోందట.

"దానికి మతిమరుపు సూచనలు ముందే ఉన్నాయిలే, మనం గమనించనేదు" అని ఇప్పుడు అంతా అంటున్నారు. ఏ మనిషికైనా పొరపాట్లు ఉంటాయి కదా, వెతికితే దొరుకుతాయి. ఆమెవి ఊరంతా వెతుకుతోంది. అందరికంటే ఎక్కువగా ఆమే వెతుక్కుంటోంది.

మోకాలు వాచిందట. వాయకేం చేస్తుంది? నేనే కదా వాపించింది.

ముప్పై రెండో రోజు. ఆరు.

తప్పించుకుంటే ఆగుతుందా? ఆమే వచ్చింది. గడప అవతల నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది. ఈ గదికి తలుపు పెట్టించినప్పుడు తాళ్లు కట్టింది ఆమే.

"ఒరే, నాకు మల్లీ నేర్పరా" అంది.

"నాను నీకు నేర్పడమేటి అత్తా!"

"నేర్పీవోడికి మర్సిపోతే, నేర్సుకున్నోడు సెప్పాలి. సిగ్గేటుంది అందులో?"

సిగ్గు ఎందులో ఉందో నాకు తెలుసు. చిన్న స్పీకరు పెట్టి, పదహారో గడి మీట వందకి తిప్పి, దరువు వినిపించాను. ఆమె కళ్లు మూసుకుని బొటనవేలు కదిపింది. పదహారు. మళ్లీ పదహారు. పదిసార్లకి పదిసార్లూ చిటికెనవేలి కొస మీదికి వచ్చి ఆగింది, ఆగినప్పుడల్లా సన్నగా గాలి పీల్చుకుంది. కళ్లు తెరిచింది. చిన్నపిల్లలా నవ్వింది.

"వొచ్చినాదిరా! మరి ఆ రోజెందుకు పోనాది?"

"జనాన్ని సూసి కంగారుపడ్డావు."

"అయితే మల్లీ పరీచ్చ పెట్టించు. ఈపాలి కంగారుపడను."

పరీక్ష పెట్టిస్తే ఏ దరువు వినిపించాలి? ఇది వినిపిస్తే జనం కాళ్లు తడబడతాయి, సంగతి బయటపడుతుంది. అది వినిపిస్తే ఈమె మళ్లీ ఓడిపోతుంది. రెండూ ఆలోచించాను. ఆమె ఆశగా చూస్తుంటే కూడా ఆలోచించాను, అదీ నా బతుకు.

"మోకాలు తగ్గనీ అత్తా" అన్నాను.

తలూపింది. గులకరాళ్లు కొంగున ముడేసుకుని కుంటుకుంటూ వెళ్లింది. ఆమె గట్టు మలుపు తిరిగేదాకా చూసి, మీట మళ్లీ సున్నాకి తిప్పాను. సాయంత్రం వంతుకి అదే దరువు నడిపాను. ఈ పని చేసిన చెయ్యి నాదే. దీనికి వానని గానీ, నాయుణ్ణి గానీ, నీళ్లని గానీ అనలేను.

ముప్పై నాలుగో రోజు. ఆరు. వాన తగ్గుముఖం.

అమావాస్యకి మెట్ట నుంచి పడవ వస్తుంది. మతి తప్పినవాళ్లని అక్కడ ఒక ఇంట్లో ఉంచి చూసుకుంటారు. మంచి ఇల్లే అంటారు. వెళ్లినవాళ్లు మాత్రం తిరిగి గట్టుకి రాలేదు. గట్టు పుస్తకంలో పేరు రాస్తే పడవవాళ్లు తీసుకెళ్తారు.

పొద్దున్నే పారమ్మ అత్త వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది.

"నా పేరు రాసీరా."

"దేనికి?"

"పడవకి."

ఆమె అన్నీ ఆలోచించుకుని వచ్చింది, నెమ్మదిగా చెప్పింది.

"నీ కాడైతే నెక్క కుదుర్తంది, జనంలోకెల్తే పోతంది. అంటే ఉండీ ఉడిగీ పోతందన్నమాట. మా అమ్మకీ ఇల్లాగే మొదలైనాది. రేపు నాను కాలవ తలుపు తీసి మర్సిపోతే? పల్లపీది పిల్లలు ములిగిపోరేటి? ఆల్లకి నా వల్ల ఏటైనా అయితే నాను బతకనేను. నా అంతట నాను ఎల్లిపోతేనే మర్యాద. నీ రాత బాగుంటాది, నువ్వే రాయి."

పుస్తకం తెరిచాను. పెన్సిలు తీసుకున్నాను. "పా" అని రాశాను. సున్నితంగా, అందంగా వచ్చింది అక్షరం. ఆమె వంగి చూస్తోంది, రాత నిజంగానే బాగుందని తలూపుతోంది. నా చెయ్యి ఆగిపోయింది.

"రేపు రాస్తానత్తా" అన్నాను.

"రేపెందుకురా?"

"రేపు అందరి ముందూ రాస్తాను."

ఆమె వెళ్లిపోయాక కూర్చుని ఏడ్చాను. ఏడిస్తే తేలికవుతుందంటారు. నాకు అంత అదృష్టం లేదు.

ముప్పై అయిదో రోజు. అయిదున్నర.

ఉదయం వంతు మారే వేళ పెట్టె ఆపేశాను. ఏతాలు నిలిచాయి. మోత లేకపోతే సముద్రం వినిపిస్తుంది, జనానికి అది నచ్చదు, అందరూ ఒక్కసారి తలెత్తారు. తెర ఎత్తుకుని అరుగెక్కాను. ఏం మాట్లాడాలో ముందు అనుకున్నదంతా మర్చిపోయాను.

"పారమ్మత్త నెక్క తప్పనేదు. పెట్టె పదేనే కొడతంది. సేసింది నాను" అన్నాను.

మీట చూపించాను. సున్నా దగ్గర దరువు, వంద దగ్గర దరువు, రెండూ వినిపించాను. ముందు వరసలో ఒకామె తన వేళ్ల మీద లెక్కపెట్టుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తవిటినాయుడు దగ్గరికొచ్చి, తెర మీదికి వంగి మీటని చాలాసేపు చూశాడు.

"ఎన్నాల్ల నుంచి?"

"ఇరవై ఆరు రోజుల నుంచి బావూ."

"మరి ఆ రోజు నాను అడిగితే ఉన్నాదన్నావు."

"ఉన్నాదనే అన్నాను."

ఆయన తెర ముందు నుంచి పక్కకి జరిగాడు. తిట్టినా బాగుండేది. చిన్నమ్మడు ముందుకొచ్చింది. వెటకారం లేదు దాని గొంతులో.

"గాలి అందట్నేదని నీ కాడికొచ్చి సెప్పినాను. ఉక్కన్నావు. నన్ను ఎర్రిదాన్ని సేసినావు, సరే. ఆ ముసిల్దాన్ని పిచ్చిదాన్ని సేసినావు. నువ్వు మనిసివేనా?"

రెండు వంతుల జనం చూపులు మోయడానికి నా మెడ చాల్లేదు. వాళ్లు అక్కడికక్కడే తేల్చారు: నీళ్లు పూర్తిగా దిగేదాకా వంతుకి ఇంకో గంట, దానికి కాళ్లెత్తారు. పెట్టె తాళంచెవి నాయుడి దగ్గర. నేను పన్నెండో ఏతంలో ఆఖరిచోటున, రోజుకి రెండు వంతులు.

ఎవరో పరిగెత్తి పాక నుంచి పారమ్మ అత్తని తీసుకొచ్చారు. చేతిలో ఇంకా సగం పేనిన తాడు ఉంది. నేను ఆమె ముందు కూర్చుని మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. దెబ్బకి సిద్ధంగా ముఖం ఎత్తే ఉంచాను.

ఆమె రెండు దరువులూ వినిపించమంది. మొదటిదానికి లెక్కపెట్టింది, పదిహేను. రెండోదానికి లెక్కపెట్టింది, పదహారు. మళ్లీ మొదటిది, మళ్లీ రెండోది. జనమంతా ఆమె బొటనవేలి వైపే చూస్తున్నారు.

"అంటే," అంది, "నా బుర్ర బాగానే ఉన్నాదేటి?"

"ఉన్నాదత్తా."

"ఒలమ్మో!" అంది. తాడు కింద పడేసి చప్పట్లు కొట్టింది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, నవ్వుతోంది. చిన్నమ్మడిని పట్టుకుని ఊపేసింది. "బాగానే ఉన్నాదంటనే! నాకేటీ అవ్వనేదంటనే!" నా రెండు బుగ్గలూ పట్టుకుని, "బాగానే ఉన్నాదా? ఒట్టేనా?" అని మళ్లీ అడిగింది. ఆమెకి కోపం గుర్తు రాలేదు. అంత సంతోషంలో నా మీద కోపానికి చోటు దొరకలేదు. చిన్నమ్మడి మాటలు భరించాను, నాయుడి మౌనం భరించాను. ఈ సంతోషం నా వల్ల కాలేదు. ఒక ముసలామె తనకి మతి ఉందని తెలిసి ఇంతగా ఏడుస్తోందంటే, ఈ పది రోజులూ ఆమె ఎక్కడ బతికిందో అప్పుడు అర్థమైంది.

ముప్పై ఆరో రోజు. ఆరు.

నిన్న ఏతాలు ఆగాయి, రాత్రి వాన మళ్లీ పట్టింది, అర గీత పెరిగింది. గట్టు పుస్తకంలో ఇప్పుడు నాయుడు రాస్తున్నాడు, నేను ఇక్కడ రాసుకుంటున్నాను.

వంతు దిగి కాళ్లు ఈడ్చుకుంటూ వస్తుంటే పారమ్మ అత్త దారిలో నిలబడి ఉంది. "పద" అంది.

"ఎక్కడికత్తా?"

"ఇంటింటికీ. సభకి రానోల్లు సేనామంది ఉన్నారు. ముసిలోల్లు, బాలింతలు. ఆల్లందరూ నాకు మతి పోనాదనే అనుకుంటన్నారు. ఒక్కో గుమ్మం కాడ నువ్వు సెప్పాలి."

"ఏటని సెప్పమంటావు? నాను దొంగనని..."

"నీ గురించి ఎవుడికి కావాలిరా? పారమ్మ నెక్క తప్పనేదు. అంతే సెప్పు."

పల్లపు వీధి నుంచి మొదలుపెట్టాం. ఆమె నా చెయ్యి పట్టుకుని, మంచి కాలు ముందు వేసి, వాచిన కాలు లాక్కుంటూ నడిచింది. ప్రతి గుమ్మం దగ్గరా ఆమె తలుపు కొడుతుంది, ఎవరో బయటికొస్తారు, ఆమె నా వైపు చూస్తుంది. నేను చెప్తాను. పారమ్మత్త నెక్క తప్పనేదు. కొందరు అవునా అని సంతోషించారు. ఒకాయన నా ముఖాన తలుపు వేశాడు. మంచం పట్టిన ఒక ముసలాయన వినిపించలేదని మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఒకచోట ఇంట్లో ఎవరూ లేకపోతే వాళ్లొచ్చేదాకా అరుగు మీద కూర్చుందాం అంది.

కూర్చున్నాం. ఆమె మోకాలు నిమురుకుంటోంది. అప్పటిదాకా అడగనిది అప్పుడు అడిగాను.

"అత్తా, నీ ఏలు పదేనని సెప్తంటే, నువ్వు నన్ను ఎందుకు నమ్మినావు?"

ఇందులో అడగడానికేముంది అన్నట్టు చూసింది.

"ఏలుకి ముసిల్తనం వస్తాది. నీకు నెక్క నేర్పింది నానే కదరా. నువ్వు పదహారంటే పదహారే అనుకున్నాను."

ఇంటివాళ్లు తడిసి వచ్చారు. ఆమె లేవడానికి చెయ్యి చాచింది. లేపి నిలబెట్టి, వాళ్లకి కూడా చెప్పాను.